గోనెసంచుల కింది ఆక్సిల్

మొన్న పొద్దున మా తమ్ముడి కొడుకు పాత పశువుల కొట్టం ఊడ్పిస్తూ, మూలన గోనెసంచుల కింద నుంచి పెద్ద ఇనుప సామాను ఒకటి బయటికి గుంజి, దాని మీద ముద్దకట్టిన గ్రీజును వేలితో గీకి చూసి, "పెద్దబాపూ, గింత మంచి ఆక్సిల్ ఇంట్ల వెట్టుకొని నన్ను ఊరంత తిప్పుతున్నవా!" అని నా మీదనే ఎగిరాడు. నలభై ఏళ్లుగా దాన్ని ఎవరి కంటా పడకుండా దాచినవాణ్ని నేనే కాబట్టి నాకు ఒళ్లు మండింది. వాడికి కావలసిందల్లా మా పాత జీపు పికప్ చేవెళ్ల నుంచి పట్నం దాకా సుఖంగా పరిగెత్తడం. ఆదివారాలు పాత బండ్లవాళ్లంతా ఒకచోట చేరి ఫొటోలు దిగుతారట. అక్కడికి నలభై స్పీడులో అరుచుకుంటూ పోతే పరువు పోతుందట. పరువు! టమాటా గంపలు మోసి ఇల్లు నిలబెట్టినన్నాళ్లూ ఆ బండికి లేని పరువు బాధ ఇప్పుడు పుట్టుకొచ్చింది.

పిల్లలకు చెబితే ఫోనులో చూసుకుంటామంటారు. బండిని తోసి స్టార్ట్ చేసిన మన ఈడువాళ్లకైతే అర్థమవుతుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ బండికి వెనక చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజను నుంచి వచ్చే షాఫ్టు ఐదు చుట్లకు పైగా తిరగాలి. బురదలో బరువు లాగడానికి చేసిన లెక్క అది, రోడ్డు మీద ఉరకడానికి కాదు. నేను నాలుగో తరగతి దాటలేదు, బస్సుల బోర్డులూ ఆయిల్ డబ్బాల మీది అక్షరాలూ చూసి చదువు నేర్చుకున్నవాణ్ని. ఈ లెక్క కూడా నాకెవరూ చెప్పలేదు. చక్రం మీద ఒక సుద్దగీత, షాఫ్టు మీద ఒక సుద్దగీత పెట్టి, బండిని మెల్లగా తోయించి, కింద వెల్లకిలా పడుకొని చుట్లు లెక్కపెట్టుకున్నాను. అట్లా దొరికిన చదువుకు పొగరు ఎక్కువ, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

మా బాపు నన్ను నమ్మి మెహదీపట్నం మార్కెట్‌కు కూరగాయలు తోలే పని చేతిలో పెట్టిన మొదటి ఏడాది అది. బాపు అంత తొందరగా ఎవరినీ నమ్మే మనిషి కాడు. ముడిమ్యాల చేనులో టమాటాలు నింపుకొని బయలుదేరితే, మొయినాబాద్ చేరేసరికే వెనక వచ్చిన లారీలన్నీ నన్ను దాటిపోయేవి; ఇంజను గొంతు చించుకునేది తప్ప బండి కదిలేది కాదు. నేను మార్కెట్‌లో దిగేసరికి మంచి బేరగాళ్లు లేచిపోయేవాళ్లు. ఉడుక్కుని ఉడుక్కుని, మొయినాబాద్‌లో ఉస్తాద్ అని అందరూ పిలిచే మెకానిక్ దగ్గర, బోల్తా పడిన బండి నుంచి ఊడదీసిన, వెనక చక్రాలను తిప్పే ఆక్సిల్ ఒకటి చూశాను. నా సుద్దగీతల లెక్క ప్రకారం దానికి నాలుగు చుట్ల పైన కొంచెమే, అంటే ఇంజను అంతే తిరిగినా బండి ఎక్కువ దూరం ఉరుకుతుంది. దాన్ని బిగించమన్నాను.

"బిగించుడైతె అయితది తమ్మీ, ముందటిది గూడ మార్చాలె. ఒక్కటి మారిస్తె రెండిటికి పడది" అన్నాడు ఉస్తాద్.

"రోడ్డు మీద ముందటి గేరెవడేస్తడు ఉస్తాద్? నడిచేటియి ఎనక చక్రాలే గద!"

"నీ బండి రోడ్డు మీదనే పండుతదా, ఇంటికి పోదా?" అని నవ్వి, నేను వినేట్టు లేనని బిగించి ఇచ్చాడు. పాతదాన్ని అతనికే వదిలేద్దామంటే బాపు ఒప్పుకోలేదు. రైతు ఇంట్లో ఇనుము బయటికి పోదని కొట్టంలో వేయించాడు.

ఆ ఎండాకాలం నేను రాజును. అరవైలో పోతుంటే ఇంజను పాట పాడినట్టుండేది. నన్ను దాటిన లారీలను నేనూ దాటాను, దాటినప్పుడల్లా హారన్ కొట్టాను. ముందు చక్రాలకూ ఇంజను బలం అందించే గేరు బురదలోనే తప్ప రోడ్డు మీద వేసే పని లేదు కాబట్టి తప్పు ఎక్కడా బయటపడలేదు.

వాన పడింది. మా చేను నల్లరేగడి. తడిస్తే మనిషి కాలి చెప్పునే వదలదు. ఆడవాళ్లు పొద్దున్నే కోసిన గంపలన్నీ ఎక్కించాక వెనక చక్రాలు దిగబడ్డాయి. అలవాటు కొద్దీ చిన్న రాడ్డు గుంజి ముందటి గేరు వేశాను. వెనక చక్రాలు ఉరుకుతామంటే ముందువి నడుస్తామన్నాయి. ఉరికే ఎద్దునూ నడిచే ఎద్దునూ ఒకే కాడికి కట్టినట్టు రెండూ ఒకదాన్నొకటి గుంజుకున్నాయి. ముందు చక్రాలు గట్టు మీది గట్టి మొరం ఎక్కగానే బండి కడుపులో ఫట్‌మని శబ్దం. గేరుపెట్టె పగిలి నూనె రేగట్లో కలిసింది.

బాపు గట్టు మీదికి వచ్చి, వంగి బండి కిందికి చూశాడు. "రోడ్డు మీద రెక్కలొచ్చినయ్, చేన్ల కాళ్లు పోయినయ్ బిడ్డా" అన్నాడు, అంతే. ఎద్దులను కట్టి బండిని బయటికి లాగాం. ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని రోడ్డు దాకా మోశారు; వాళ్లలో పెద్దదైన అవ్వ ఒకామె పోతూ పోతూ, "నీ లెక్కనే బండికి గూడ సదువెక్కువైంది కొడుకా" అని అంటించింది. లారీ దొరికేసరికి పండ్లన్నీ వానకు పగిలాయి, సగం గేదెలు తిన్నాయి. మరుసటి వారం మార్కెట్‌కు బాపే పోయాడు. ఆ పని మళ్లీ నా చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది. పాత ఆక్సిల్ నా చేతులతోనే బిగించి, ఈ రెక్కల ఆక్సిల్‌కు గ్రీజు పట్టించి గోనెసంచుల కింద పాతిపెట్టినట్టు పెట్టాను.

ఇదంతా మా తమ్ముడి కొడుకు ముందు అరగంట అరిచి చెప్పాను. వాడు ఓపికగానే విన్నాడు, అదే నాకు మరింత మంట. చివరికి, "అయిపోయిందా పెద్దబాపూ? ముందటి షాఫ్టే ఊడదీయిస్త, ఫికర్ లేదు. ఇంక ముందటి గేరు యాడేస్తం? మనకు చేనేడున్నది?" అన్నాడు.

చేను అమ్మిన కాగితం మీద నా సంతకమూ ఉంది.

నిన్న బండి సిద్ధమైందని నన్నూ ఎక్కించుకున్నాడు. రోడ్డు వెడల్పు చేస్తున్న దుమ్ములో కూడా బండి అరవైలో మెత్తగా పోయింది. తప్పు పట్టడానికి చెవులు రిక్కించి కూర్చున్నాను, ఒక్కటీ దొరకలేదు. తిరిగి వచ్చేటప్పుడు ముడిమ్యాల మలుపులో నన్ను తోలమన్నాడు. తోలాను. మా చేను దగ్గరికి రాగానే నా ఎడమ చెయ్యి నన్ను అడగకుండానే చిన్న రాడ్డు మీదికి పోయింది. రాడ్డు వదులుగా వచ్చింది, వదులుగా పోయింది, దాని కింద ఏమీ అందుకోలేదు. ఎదురుగా ఇనుప గేటు, లోపల సిమెంటు బాట, గడ్డికి నీళ్లు చిమ్ముతున్న పైపు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చి, "ఎవ్వలు గావాలె పెద్దాయనా?" అని అడిగాడు. ఎవరి పేరు చెప్పను? బండి వెనక్కి తిప్పాను.

ఆ రాడ్డు కూడా తీయించేద్దామా అన్నాడు మావాడు. ఉండనివ్వరా అన్నాను. నేను చేసినప్పుడు తప్పయిన పనే వాడు చేస్తే ఒప్పయింది. ఆ ఒప్పు మాత్రం నాకు ఎంతకీ మింగుడు పడటం లేదు.