పలక మీద రాయని పేరు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక సంగతి నా లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు. దండం పెట్టుకునేటప్పుడు ఆ సంగతి దగ్గరికి రాగానే గబుక్కున కళ్ళు తెరిచేసేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు, మా ఊరి పేరు రాయను. కదిరికి దక్షిణంగా, తనకల్లు వైపు అనుకోండి, చాలు.

తొంభైల చివర్లో అక్కడ బస్టాండు ఎదురుగా నాకో ఎస్టీడీ బూతు ఉండేది. వానల్లేక పల్లెలకు పల్లెలు బెంగళూరుకు కూలికి పోయిన కాలం అది. ఇళ్ళల్లో ఫోన్లు లేవు. బెంగళూరులో ఉన్నవాళ్ళు నా బూతుకే ఫోన్ చేసి, ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళకు ఈ మాట చెప్పమనేవాళ్ళు. నేను ఆ పేరూ ఊరూ బయట వేలాడదీసిన పలక మీద సుద్దముక్కతో రాసేవాణ్ణి. ఆ ఊరికి పోయేవాళ్ళెవరో చూసి కబురు అందించేవాళ్ళు. చదువు రానివాళ్ళయితే బూతు ముందు ఒక్క నిమిషం ఆగి, మా ఊరోళ్ళకు ఏమన్నా ఉందా అని అడిగి పోయేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అందరూ దాని మీదే నమ్మకం పెట్టుకుని బతికారు.

నాకు ఇంకో పిచ్చి ఉండేది. మనసులో అనుకున్నది చెప్పే విద్య. మెంటలిజం అంటారు. వేదికలూ, తెరలూ, పెట్టెలూ అక్కరలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళల్లోకి చూసి, ఆ మనిషి లోపల దాచుకున్న పేరు చెప్పడం. కదిరిలో ఒక టీ అంగడి బల్ల దగ్గర ఎవరో దేశదిమ్మరి నా ముందు ఆ పని చేశాడు. చనిపోయిన మా నాయన పేరు చెప్పాడు. ఒళ్ళు జలదరించింది. ఆ క్షణం నుంచి నాకు ఆ విద్య కావాలి, అంతే.

ఎక్కడ నేర్చుకోవాలి? బెంగళూరు ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీకి రెండు రోజుల చొప్పున చదివాను. ఎదుటివాళ్ళ చేత చీటీ మీద పేరు రాయించి, మడత పెట్టించి, దాన్ని చింపుతున్నట్టు చింపి, పేరున్న మధ్య ముక్కను వేళ్ళ సందున దాచుకుని దొంగచాటుగా చదవడం బూతు అద్దం ముందు నెలలపాటు సాధన చేశాను. తీరా ఆడబోతే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది వేలిముద్రవాళ్ళు! చీటీ ఇస్తే ఏం రాస్తారు? ఆ పుస్తకం రాసిన పెద్దమనిషికి మా తాలూకా సంగతి తెలియదు పాపం.

చివరికి చెనక్కాయతో, అదే వేరుశనక్కాయతో, ఒక ఆట తయారు చేసుకున్నాను. కాయను ఏదో ఒక గుప్పిట్లో దాచమనేవాణ్ణి. దాచిన చేతివైపు మనిషి ముక్కు తెలియకుండానే కొంచెం తిరుగుతుంది. అది కనిపెట్టి చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్ళు, కాయ ఒలిచి నోట్లో వేసుకుని పోయేవాళ్ళు. నాకు కావలసింది ఆ నవ్వు కాదు. నాకు ఆ రోజు టీ అంగట్లో జలదరించినట్టు వాళ్ళకూ జలదరించాలి.

అనంతపురంలో ఒక పెద్దాయన ఉండేవాడు. డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈ విద్యలో ఆరితేరినవాడని విని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. ఒక కార్డు ముక్క వచ్చింది. ఆటకు కావలసిన సరుకు పుస్తకాల్లో వెతకొద్దు, ఎదుట కూర్చున్న మనిషిలో వెతుకు అని. ఆయన చెప్పింది మనిషిని గమనించమని. నేను అర్థం చేసుకున్నది వేరు. మనుషుల సంగతులన్నీ రోజూ నా ఫోన్లోకే వస్తున్నాయి కదా!

అలా మొదలైంది. ఎవరి కొడుకో శనివారం వస్తున్నానని ఫోన్ చేస్తే పలక మీద రాసేవాణ్ణి కాదు. ఆ తండ్రి సంతకు వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, నీ కొడుకు బస్సెక్కే ఆలోచనలో ఉన్నాడు, శనివారం కనబడుతున్నాడు అనేవాణ్ణి. శనివారం కొడుకు దిగేవాడు. ఇంకేముంది, ఊరంతా నా గురించే చెప్పుకున్నారు. నేను నాకు చెప్పుకున్న సమాధానం ఒకటే. చెప్పాల్సిన మాట ఎలాగూ చెబుతున్నాను, కాస్త ముందో వెనకో, దానివల్ల ఎవరికేం పోయింది?

ఇక్కడిదాకా రాయడం తేలికగానే జరిగింది. ఇక్కడి నుంచి కలం ముందుకు పోవడం లేదు.

పెద్దాయన నన్ను చూడటానికి వస్తానన్నాడు. గురువారం, సంత రోజు. నచ్చితే తన దగ్గరున్న నోటుబుక్కు, నలభై ఏళ్ళుగా పోగు చేసుకున్న సరుకంతా రాసి పెట్టుకున్నది, నాకిస్తానని రాశాడు. దానికోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. ఇది వట్టి మాటగా రాయడం లేదు.

ముందురోజు, బుధవారం, పొద్దున పదకొండు గంటలప్పుడు బెంగళూరు నుంచి ఒక మేస్త్రి ఫోన్ చేశాడు. గంగాధర అనే కుర్రాడు పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆస్పత్రిలో ఉన్నాడు. అక్కను పిలిపించమని అడుగుతున్నాడు. ఆ అక్క రామక్క. మా ఊరికి మూడు మైళ్ళలో ఉంటుంది, మొగుడు పోయాక తమ్ముణ్ణి తనే పెంచుకుంది. ఎలా ఉన్నాడని అడిగాను. మాట్లాడుతున్నాడు, కానీ ఆమెను ఇప్పుడే పంపమని అన్నాడు మేస్త్రి. మధ్యాహ్నం ఒంటిగంటకు బెంగళూరు బస్సుంది. ఎక్కితే చీకటి పడేలోపల చేరుతుంది.

సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాను. నిజం, తీసుకున్నాను. తర్వాత అది మళ్ళీ గూట్లో పెట్టేశాను.

మాట్లాడుతున్నాడు కదా, పెద్ద దెబ్బ కాదేమో అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవడానికి తొందరపడ్డానా? రామక్క రేపు సంతకు ఎలాగూ వస్తుంది. పెద్దాయన ఎదురుగా ఉంటాడు. ఇంతకంటే మంచి సరుకు నాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? అవును, సరుకు అనే అనుకున్నాను. పన్నెండు దాటాక వాళ్ళ ఊరి పాలాయన సైకిలు ఆపి, మా ఊరోళ్ళకు ఏమన్నా ఉందా అని అడిగాడు. ఏమీ లేదని చెప్పాను. ఒంటిగంట బస్సు నా కళ్ళ ముందే పోయింది.

గురువారం పెద్దాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మరో పది మంది చుట్టూ చేరారు. రామక్క చింతపండు బుట్ట దించుకుంటూ కనబడితే పిలిచాను. నీకు అందరికంటే ఇష్టమైన మనిషిని తలుచుకో అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. ఆపి ఆపి చెప్పాను, పుస్తకంలో నేర్చుకున్నట్టే. తమ్ముడు. ఎత్తయిన చోటు. కిందపడటం. మంచం. అక్కా అని పిలవడం. ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడటం తెలుస్తూనే ఉంది. బతికుండాడా అని అడిగింది. బతికే ఉండాడు, పో అన్నాను. తమ్ముడు పనిచేసే చోటు ఆమెకు తెలుసు, బుట్ట అక్కడే వదిలేసి బస్సు కోసం పరుగెత్తింది.

చుట్టూ చేరిన అందరికీ జలదరించింది. పెద్దాయన నా ముఖం చూసి, సంచిలోంచి నోటుబుక్కు తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఎలా చేశావని అడగలేదు. ఆ విద్యలో ఉన్నవాళ్ళు అడగరు.

సాయంత్రం నాలుగింటికి మేస్త్రి మళ్ళీ ఫోన్ చేశాడు. గంగాధర ఆ రోజు తెల్లవారకముందే చనిపోయాడు. నేను బతికే ఉన్నాడని చెప్పేటప్పటికి వాడు లేడు. బుధవారం సాయంత్రమంతా స్పృహలోనే ఉండి, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అక్క వచ్చిందా అని అడిగాడట. నిన్ననే చెబితే ఎందుకు పంపలేదప్పా అని మేస్త్రి అరిచాడు. వినబడనట్టు హలో, హలో అని ఫోన్ పెట్టేశాను.

దినాలయ్యాక రామక్క బూతుకు వచ్చింది. కొంగులో అలసందలు మూటకట్టి తెచ్చి నా ముందు పెట్టింది. అంతకుముందు నన్ను అప్పా అని పిలిచేది. ఆ రోజు సామీ అని పిలిచింది.

"సామీ, ఒక మాట అడగాల. మేస్త్రి బుధవారమే ఫోన్ చేసినానంటాండాడు. వచ్చిండెనా?"

"లేదక్కా. ఆ పొద్దంతా లైను లేదు."

"నేనూ అదే అంటిని. ఫోన్ వచ్చింటే పలక మింద రాయకుండా ఉంటాడా అంటిని. దేవుని మింద ఒట్టేసి మరీ అబద్ధం చెప్తాండాడు వాడు. ఫోన్ లేకున్నా నీకు తెలిసె. నువ్వు చెప్పబట్టి నా తమ్ముని మొగం కడసారి చూసుకుంటి."

పోతుందనుకున్నాను. పోలేదు. బెంచీ మీద కూర్చుంది.

"బుధవారం పొద్దున నా మనసు ఒకటే కొట్టుకులాడతాండె సామీ. ఈడికొచ్చి వానికి ఫోన్ చేద్దామనుకుంటి. ఒక పూట కూలి పోతాదని చెనక్కాయలు వొలిచేకి పోతి. వచ్చింటే ఆపొద్దే తెలిసిండు కదా? వాడు అడిగి అడిగి పోయినాడంట. వానికి నా మింద కోపముందా? నీకు కనపడ్తాది కదా, చూసి చెప్పు."

చెయ్యి చాపింది. ఒలిచి ఒలిచి బొటనవేలి గోరు అరిగిపోయి ఉంది. పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

"కోపం లేదక్కా," అన్నాను. "నిన్ను మన్నించినాడు."

కోపం లేదు అని ఊరుకుని ఉంటే సరిపోయేది. రెండో మాట ఎందుకన్నాను? ఎదుటివాళ్ళు వినాలనుకున్నదానికి ఇంకొక మాట జోడించి చెప్పడం ఆ ఆటలో అలవాటు, నోరు దానంతటదే అనేసింది. కానీ మన్నించాడంటే ఆమె తప్పు చేసినట్టే కదా! ఆమె తలూపింది. తప్పు తనదేనని నా నోటితో ఖాయం చేసుకుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి రామక్క బుధవారం కూలికి పోదు. ఆ రోజు ఒంటిపూట తింటుంది. ఇప్పటికీ అంతే. ఎవరైనా అడిగితే, నా తప్పు నాకుండాది అంటుందట. ఏటా తమ్ముడు పోయిన రోజున నా దగ్గరికి వచ్చి, ఏమంటాండాడు సామీ అని అడుగుతుంది. సెల్‌ఫోన్లు వచ్చాక బూతు మూసేసి కిరాణా అంగడి పెట్టుకున్నాను, అక్కడికీ వచ్చింది. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి పంపాను. బాగుండాడు అన్నాను. నిన్నే తలుచుకుంటాండాడు అన్నాను. మేస్త్రిని మాత్రం ఆ ఊళ్ళో ఇప్పటికీ అబద్ధాలకోరనే అంటారు. ఫోన్ చేసి చెప్పిన ఒకే ఒక్క మనిషి అతను.

నోటుబుక్కులో ఏముందని అడుగుతారేమో. చీటీలూ, అంకెలూ, పేకముక్కలూ. చిన్న చిన్న చిట్కాలు. ముచ్చటగా బొమ్మలు గీసి మరీ రాసుకున్నాడు. ఒక్కదాంట్లోనూ ఎవరి కష్టమూ లేదు. దాన్ని నేను ఇంకో మూడేళ్ళు వాడాను. మానేశానని చెప్పుకుంటే బాగుండేది, కానీ మానలేదు. జనమే చూడటం మానుకున్నారు, టీవీలొచ్చాక.

రామక్కకు నిజం చెప్పెయ్యాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే ఆమెకు ఉన్న ఆ కాస్త ఊరటా పోతుందని ఆగిపోయాను. ఇది జాలా, పిరికితనమా? జాలి అయితే ఆమె ఒంటిపూట ఉండే ప్రతి బుధవారం నాకు అన్నం ఎలా దిగింది? దిగింది. అలవాటైపోయింది. నన్ను నేను ఎక్కువ అసహ్యించుకునేది ఈ అలవాటుకే.

ఆమెకు చదవడం రాదు. ఈ కాగితం ఎవరో ఒకరు ఆమెకు చదివి వినిపించాలి. ఆ ఒకరు నేనే కావాలని తెలుసు. అంత ధైర్యం ఈ రోజుకు రాలేదు, రేపు వస్తుందని మీకు మాటివ్వను. మీ ముందు మాత్రం ఇది రాయగలుగుతున్నాను. రామక్క ఆ బుధవారం ఏ తప్పూ చెయ్యలేదు. గంగాధర మన్నించాల్సింది ఆమెను కాదు, నన్ను. వాడు మన్నించాడని నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు, ఉండకూడదు కూడా. రాశాక కాసేపు ఊపిరి బాగా ఆడింది.