చేప లేని శనివారాలు

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి భోంచేశాక మా ఆయన చొక్కా విప్పుకుని బోర్లా పడుకున్నాడు. నడుం వెనక, బెల్టుకి కొంచెం పైన, ఎర్రటి మచ్చ కనిపించింది. గారె అంత ఉంది, మధ్యలో తెల్లగా. జబ్బు అనుకోలేదు. ఎవత్తో కొరికిందనుకున్నాను.

నవ్వుకోండి, పర్లేదు. ముందు నా గోడు వినండి. మేం ఉండేది పరాయి దేశంలో, గ్వెల్ఫ్‌లో. మా ఆయన సుధాకర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రతి శనివారం పొద్దున్నే ఫ్లై ఫిషింగ్ అని, గేలానికి ఉత్తుత్తి ఈగని కట్టి చేపలు పట్టడానికి కారేసుకుని పోతాడు. ఒక్కసారి కూడా చేప తేలేదు. మాది కాకినాడండీ. చేపలకని వెళ్లిన మనిషి ఎప్పుడూ ఉత్తి చేతులతో వస్తుంటే ఏమనుకుంటాం?

అడిగితే, "పట్టి వదిలేస్తాం కరుణా, అక్కడ రూలు అది" అనేవాడు. ఆయన వెళ్లే వాగులో ఏటా హ్యాచరీలో పెంచిన చేపల్ని తెచ్చి వదులుతారు. జనమంతా బ్రిడ్జి దగ్గర నిలబడి అవే పట్టుకుంటారు. ఈయనకి అవి వద్దట. ఆ నీళ్లలోనే పుట్టి పెరిగిన వైల్డ్ ట్రౌట్ చేపే కావాలట. దానికోసం షార్ట్స్ వేసుకుని, నడుమెత్తు గడ్డిలో పడి, ఎవరూ లేని చోటికి నడుస్తాడట. ఎవరూ లేని చోటికి! పట్టిన చేపని వదిలెయ్యడానికి! ఏ ఆడదైనా నమ్ముతుందా?

అందుకే ఆయన్ని లేపలేదు. ఫోన్ తీసి ఫోటో కొట్టాను, నిలదీసేటప్పుడు పనికొస్తుందని. నాలుగు రోజులు పోయాక చూస్తే మచ్చ అరచెయ్యంత అయింది. ఇంకోటి తీశాను. కొరికిన మచ్చ పెరగదు కదా అని బుర్రకి తట్టాలి. నాకున్న కోపంలో తట్టలేదు.

మచ్చ పోయింది గానీ నీరసం పట్టుకుంది. ఒళ్లు నొప్పులు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం. తప్పు చేసినవాడి వాలకం ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. వాక్-ఇన్ క్లినిక్‌లో డాక్టరమ్మ "వైరల్ అయ్యుంటుంది, రెస్ట్ తీసుకోండి" అంది. ఆవిడ మీదా నాకు అనుమానమే. కంప్యూటర్ మీద నుంచి కళ్లు తిప్పితే ఒట్టు.

జులై చివర్లో ఇంట్లో మెట్లెక్కుతూ పడిపోయాడు. పెదాలు పాలిపోయాయి. అంబులెన్స్‌లో తీసుకెళ్లాం. ఎమర్జెన్సీలో ఈసీజీ తీసిన నర్సు ఇంకో నర్సుని పిలిచింది, ఆవిడ డాక్టర్‌ని పిలిచింది. "కంప్లీట్ హార్ట్ బ్లాక్" అన్నారు. గుండె పైగది పంపే సిగ్నల్ కింది గదికి అందట్లేదట. "బ్లాక్ ఇలాగే ఉంటే పర్మనెంట్ పేస్‌మేకర్ పెట్టాలి" అన్నాడు కార్డియాలజిస్టు. నలభై ఏళ్ల మనిషికి బతికినంతకాలం ఛాతీలో మిషనా! ఎంత భయమేసిందో చెప్పలేను. ప్రభువా, ఈయన బతికితే చాలు, ఎవత్తెతో తిరిగినా పర్లేదు అని కూడా అనేసుకున్నాను.

తర్వాత చిన్న వయసు డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, "హైకింగ్, క్యాంపింగ్ చేశారా? టిక్ ఏమైనా కరిచిందా?" అని అడిగింది. టిక్ అంటే మన పశువులకి పట్టే పిడుదు లాంటిది, గడ్డిలో ఉంటుంది.

"నో. ఓన్లీ ఫిషింగ్," అన్నాడు మా ఆయన.

"ఎనీ రాష్?"

"నో."

నడుం వెనక ఉన్నది ఆయనకేం తెలుసు?

"ఉంది," అన్నాను. ఫోన్ తీసి రెండు ఫోటోలూ చూపించాను.

డాక్టరమ్మ ఫోన్ లాక్కున్నంత పని చేసింది. "దిస్ లుక్స్ లైక్ లైమ్. వై డిడ్ యు టేక్ దీజ్?"

నేను దుప్పటి సర్దడం మొదలెట్టాను. సుధాకర్ నా వంక అదోలా చూశాడు.

టిక్ కరిస్తే వచ్చే లైమ్ డిసీజ్ వల్ల వచ్చిన బ్లాక్ అయితే మందులతో తగ్గిపోవచ్చట. పర్మనెంట్ పేస్‌మేకర్ మాట పక్కనపెట్టి, మెడ దగ్గర్నుంచి గుండెని కొట్టించే టెంపరరీ వైరు వేశారు. నరంలోకి సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలెట్టారు. బ్లడ్ టెస్ట్ రిజల్ట్ ఆలస్యమవుతుందన్నారు.

మర్నాటికి పరిస్థితి ఇంకా దిగజారింది. వైరు మీదే గుండె నడుస్తోంది. డ్యూటీ మారి వచ్చిన ఇంకో డాక్టర్ "ఎక్కువ రోజులు ఇలా వెయిట్ చేయలేం, పర్మనెంట్‌దే పెట్టెయ్యాలి" అన్నాడు. నేను లేచి ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను. ముందు ఇది చూసి మాట్లాడండి అని నాకొచ్చిన ఇంగ్లీషులో అనేశాను. ఆయన చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకొన్ని రోజులు ఆగుదామన్నాడు. ఆ రోజుల్లో నేను మానిటర్‌నీ నమ్మలేదు. మా ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చునేదాన్ని. వారం తిరిగేసరికి గుండె దానంతటదే సరిగ్గా కొట్టుకోవడం మొదలెట్టింది. రిపోర్టూ లైమ్ అనే వచ్చింది. వైరు తీసేశారు.

ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు. "ఆ ఫోటోలు ఎందుకు తీశావు?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఇన్నేళ్లు కాపురం చేశాం. ఆమాత్రం నమ్మకం లేదా నా మీద?"

"ఉంటే ఈపాటికి నీ ఛాతీలో మిషనుండేది."

నవ్వుతాడనుకున్నాను. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. ఈసీజీలన్నీ నార్మల్. మొన్న మే నెలలో మళ్లీ గేలం కర్ర తీసి, "నువ్వూ రా, అక్కడెవరున్నారో చూద్దువుగాని" అన్నాడు. ఎత్తిపొడుపే! నేనూ తగ్గలేదు, పిడుదులెక్కకుండా ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని వెళ్లాను. చాలాసేపటికి ఒక ట్రౌట్ పడింది. వైల్డ్‌దేనట. నీళ్లలోనే పట్టుకుని చూపించాడు. నా అరచెయ్యంత కూడా లేదు, ఒంటినిండా ఎర్రచుక్కలు.

"దీనికోసమా?" అన్నాను.

"దీనికోసమే," అని చెయ్యి తెరిచాడు. అది పోయింది.

ఇంత పిసరు చేప కోసం మనిషే పోయేవాడు కదా అని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చుట్టూ ఓసారి చూశాను. నిజంగానే ఎవరూ లేరు.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పేదొక్కటే. గడ్డిలో తిరిగొచ్చిన మనిషి తన వీపు తను చూసుకోలేడు. ఇంట్లోవాళ్లే చూడాలి. మచ్చ కనిపిస్తే ఫోటో తీసి ఆ రోజే డాక్టర్‌కి చూపించండి, నాలా దాచుకోకండి. మా ఇంట్లో ఇప్పుడు వాగు నుంచి రాగానే ఆయనే చొక్కా విప్పి, నాకు వీపు చూపిస్తూ నిలబడతాడు. "కానీ, చూడు" అంటాడు. నేను లైటు వేసి మరీ చూస్తాను.