నా చేత్తో రాసిన ‘లేదు’

మాది బెల్లంపల్లి. నాకు యాభై దాటాకే అక్షరాలు వచ్చాయి. ఆ కొత్తలోనే, గర్భిణుల్లో గజ్జి గురించి పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. ఏడో నెల నడుస్తున్న కోడలు రజితకు వేళ్ల సందుల్లో ఒకటే దురద. బస్తీలో పరువు పోతుందని తనను లోపలే ఉంచాను.

“ఇంట్ల ఎవరికన్న దురదున్నదా అవ్వా?”

“మా ఇల్లు సాఫుగుంటది బిడ్డా. గా కాయితం ఇటియ్యి, నేనే రాస్త” అని గొప్పగా ‘లేదు’ అని రాశాను.

పుట్టిన నెలకే మనవరాలి అరచేతుల నిండా చీము పొక్కులు. ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మే చూసింది. “కాన్పుకు ముందే తల్లికి మందు పూస్తే పాపకు రాకపోవు గదా!”

“నేను చెప్తనే అన్న మేడం, అత్తమ్మనే లోపలుండుమన్నది” అంది రజిత.

పాపకు నయమైంది. వేలిముద్ర వేసినన్నాళ్లూ నా చెయ్యి ఎవరికీ ఇంత కీడు చేయలేదు.