తాత గొంతు, నా స్క్రూడ్రైవరు

ఉదయగిరిలో మా అత్తగారింట్లో నేను స్క్రూడ్రైవరు పట్టుకుంటే చాలు, పిల్లలు కూడా కిసుక్కుమంటారు. నవ్వరూ మరి! కన్నుమూసిన పెద్దమనిషిని, ఆయన సంవత్సరీకం నాడు, బంధువులందరి ఎదుట పిల్లకాయను చేసిన ఘనుణ్ణి నేను.

పాత వాక్‌మన్‌లంటే నాకు ప్రాణం. ఆత్మకూరు పాతసామాన్ల కొట్లో పడి ఉన్నవాటిని తెచ్చి, విప్పి, తుడిచి, పాడిస్తుంటాను. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి మా ఆవిడ వాళ్ల అవ్వ చెవిన పడింది. మామగారు కువైట్‌లో పనిచేసే రోజుల్లో అవ్వ భర్త, అంటే తాత, కొడుక్కి ఉత్తరాలు రాసేవాడు కాదట, క్యాసెట్లలో మాట్లాడి పంపేవాడట. వాటిలో ఒకటి మిగిలింది. అది వినిపించే వాక్‌మన్ మాత్రం ఎప్పుడో మూగబోయింది.

"నాయనా, సంవత్సరీకానికి ఆయన గొంతు ఒక్కసారి వినిపించు. నాకింకేం వద్దు" అని అవ్వ రెండూ నా చేతిలో పెట్టింది.

"బావ చేతికా ఇచ్చినావు? ఇంక విన్నట్టే!" అన్నాడు బావమరిది సుధాకర్.

నాకు రోషం పొడుచుకొచ్చింది. వాక్‌మన్ విప్పితే లోపల రబ్బరు బెల్టు కరిగి బెల్లంపాకంలా ఉంది. గీకేసి కొత్తది వేశాను. మోటారు వెనక సన్నటి కంతలో టేపు తిరిగే వేగం సరిచేసే స్క్రూ ఉంటుంది. తాత క్యాసెట్ తెగుతుందేమోనన్న భయంతో, ఇంట్లో ఉన్న నాదస్వరం క్యాసెట్ పెట్టి ఆ స్క్రూ తిప్పాను. ఆహా, ఏం హుషారు! తిప్పేకొద్దీ ఇంకా హుషారు! సన్నాయి నడుస్తోందో పరుగెడుతోందో నాకేం తెలుసండీ?

సంవత్సరీకం భోజనాలయ్యాయి. చిన్న స్పీకరు తగిలించి, అందరినీ కూర్చోబెట్టి, మీట నొక్కాను.

తాత గొంతంటే ఆషామాషీ కాదు. పొలంలోంచి ఆయన కేకేస్తే వరికుంటపాడు బస్సు ఆగిపోయేదని చెప్పుకుంటారు. ఆ గొంతు స్పీకరులోంచి చంటిపిల్లాడి మారాంలా వచ్చింది.

"ఒరే! పనికి ఎగనామం పెట్టినావంటే తోలు తీస్తా!"

"ఏంది బావా ఇది? తాతా, తాత మనవడా?" అన్నాడు సుధాకర్.

కంగారులో స్క్రూ తిప్పాను. తిప్పాల్సింది అటు కాదు. తాత ఇంకా కీచుమన్నాడు. మామగారు కండువాతో నోరు మూసుకున్నారు. అవ్వ నన్నడిగింది ఒక్కటే, అదీ పాడుచేశాను. నిజంగా ఏడుపొచ్చింది.

"అవ్వా, రెండు నిమిషాల్లో సరిచేస్తాను."

"ముట్టుకున్నావంటే చేతులిరగ్గొడతా! ఆ గొంతుకు బతుకంతా హడలి చచ్చినాను. ఇప్పుడు మాట్లాడనీ!"

తాత మాట్లాడుతూనే ఉన్నాడు: "ఇంటి సంగతి దిగులు పెట్టుకోబాక. మీ అమ్మ నేను గీసిన గీత దాటదు."

అవ్వ స్పీకరు దగ్గరకు వంగింది. "దాటతా! ఏం చేస్తావు?"

ఇల్లంతా ఘొల్లుమంది. అవ్వ నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. "మళ్లీ పెట్టు నాయనా, ఇంకోసారి చెప్తా."

నాకు మనసొప్పలేదు. వారం తిరక్కుండా వేగం సరిచేసి తెచ్చి వినిపించాను. ఈసారి తాత గొంతు గోడలదిరేలా మోగింది. అవ్వ గబుక్కున లేచి నిలబడి, కొంగు సర్దుకుంది.

"బాగుండాది నాయనా. అచ్చం ఆయనే" అంది. తర్వాత మెల్లగా, "ఈయనకు ఎదురు చెప్పలేను గానీ, ఆ పిల్లకాయను మళ్లీ తెచ్చియ్యి" అంది.

అందుకే ఆ స్క్రూ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నాదస్వరాన్ని నమ్మి ఇంకెన్నడూ ఎవరి తాతనూ చిన్నవాణ్ణి చేయను. అవ్వ అడిగితే తప్ప.