సగం స్టూళ్ళకి సగం మాట

ఆమెను ఇస్త్రీ హాల్లో అందరూ థియరీ అక్క అంటారు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దిండు గలీబులు మూటలు మూటలుగా వచ్చిపడే పెద్ద లాండ్రీ అది. పొద్దున్న బల్ల ముందు నిలబడితే మళ్ళీ నడుం వాల్చేది భోజనాల బెల్లుకే, అదీ నేలమీద. తిన్నాక అక్క సంచిలోంచి లావుపాటి నవల తీసి పైకి చదువుతుంది. అందులో విలన్ పేరు అక్షయుడు. రాజ్యాలు కూలుతాయి, వీరులు పుట్టి చస్తారు, వాడు మాత్రం చావడు. ఎందుకు చావడో చివరి భాగంలో చెబుతానని రచయిత ఊరిస్తున్నాడు. ఈలోగా అభిమానులు ఫోన్లలో జుట్లు పట్టుకుంటున్నారు.

"వాడి ప్రాణం కిరీటంలో రాయిలో ఉందటే" అంది పొట్టి పిన్ని, కాళ్ళు చాపుకుని. హాల్లో అందరికన్నా పెద్దది ఆమె. సాయంత్రానికి చీలమండలు వాచిపోయి చెప్పులు పట్టవు.

"రాయీ లేదు, రప్పా లేదు పిన్నీ. మాటలో ఉంది."

"ఏ మాటలోనే?"

"కొలువులో వంటవాళ్ళు, కాపలావాళ్ళు ఇంటికెళ్తూ ఏమంటారు? 'వెళ్ళొస్తాం ప్రభూ' అంటారు. వస్తాం అన్నామంటే మన రేపు వాడి చేతిలో పెట్టేసినట్టే. ఆ రేపులన్నీ మింగి బతుకుతున్నాడు వెధవ. మూడో భాగంలో వంటమనిషి కోపమొచ్చి 'పోతున్నా' అని గడప దాటిందా? మర్నాడే కదా వాడికి మొదటి తెల్లవెంట్రుక!"

హాలంతా గొల్లుమంది. పిన్ని మాత్రం ఆలోచనలో పడింది.

అక్క కూతురు ఈ థియరీని అభిమానుల గుంపులో పెట్టింది. "మీ అమ్మని ఇస్త్రీ చేసుకోమను" అని ఎవడో రాశాడు. కూతురు మొహం చిన్నబుచ్చుకుంటే అక్క నవ్వి, "చేసుకుంటూనే కనిపెట్టిందని రాయవే" అంది.

నవల సంగతి అలా ఉంచితే, హాల్లో అసలు గొడవ స్టూళ్ళది. బల్ల పక్కన ఒక స్టూలు వేయించండి, మూట రావడం ఆలస్యమైతే కాస్త కూర్చుంటాం అని ఆడవాళ్ళు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు. కూర్చోవడం కూడా అడుక్కోవలసిన వస్తువైపోయింది మరి! "కూర్చుంటే కునుకు పడుతుందమ్మా, కునుకు పడితే దుప్పటి మాడుతుంది" అంటాడు సూపర్‌వైజర్. ఆ మాట ఆయన గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చునే అంటాడు.

ఒకరోజు పిన్ని మోకాలు పట్టు తప్పింది. పడిపోకుండా బల్ల పట్టుకోబోతే అరచెయ్యి ఇస్త్రీపెట్టెకి తగిలి కాలింది. సూపర్‌వైజర్ వచ్చి చూశాడు. దుప్పటి చూశాడు ముందు.

"నిలబడే ఓపిక లేకపోతే ఇంటిపట్టున ఉండాలమ్మా. వచ్చే నెల నుంచి వద్దులే."

రోజూ సాయంత్రం గుమ్మం దగ్గర ఆయన కుర్చీ ముందునుంచే అందరూ బయటికి వెళ్ళాలి. "వెళ్ళొస్తాం సార్" అనాలి. ఆయన తలెత్తకుండా ఊఁ అంటాడు. ఆ రోజు అక్క ముందు నడిచింది.

"పోతున్నా సార్."

ఆయన తలెత్తాడు. వెనకాల చేతికి గుడ్డ చుట్టుకుని పిన్ని. "పోతున్నా బాబూ." ఆ వెనక అందరూ అదే మాట.

"శుభమా అని ఇంటికెళ్తూ పోతున్నాం ఏంటమ్మా! వెళ్ళొస్తాం అనండి."

"స్టూళ్ళు వేయించండి సార్, పిన్నిని ఉంచండి. నోరారా అంటాం."

"అంటే, రేపు రారా?"

"పోతున్నాం సార్."

మర్నాడు అందరూ వచ్చారు. పని చేశారు. సాయంత్రం మళ్ళీ పోతున్నామన్నారు. మెమో ఇద్దామన్నా ఏమని రాస్తాడు? ఇంటికి పోతూ పోతున్నామన్నారని రాస్తాడా? ఆస్పత్రుల మూటలు పేరుకుపోతే జవాబు చెప్పుకోవలసింది తనే. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, వీళ్ళు మలుపు తిరిగి కనబడేదాకా రోడ్డుకేసి చూడడం మొదలుపెట్టాడు. నిలబడి!

చివరికి పిన్నిని ఉండమన్నాడు. స్టూళ్ళూ వచ్చాయి, హాల్లో సగం మందికి. "సర్దుకోండమ్మా" అన్నాడు. మొదటిది అక్క తీసుకెళ్ళి పిన్నికి వేసింది. ఆ సాయంత్రం ఆయన నిండు మాట కోసం ఆశగా చూశాడు.

"వెళ్తాం సార్" అంది అక్క.

"ఇంకా ఏంటమ్మా? వస్తాం ఏదీ?"

"సగం స్టూళ్ళకి సగం మాట సార్."

ఆ వారమే చివరి భాగం వచ్చింది. అక్షయుడి ప్రాణం కిరీటంలో రాయిలోనే ఉంది. కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. "నీ థియరీ పోయిందమ్మా. అందరూ నవ్వుతున్నారు."

"ఆయన తప్పు రాశాడే."

"రాసినాయనే తప్పు రాస్తాడా?"

"ఎందుకు రాయడూ? కూర్చుని రాసుకునేవాడికి కొలువులో నిలబడేవాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది?"

మర్నాడు సాయంత్రం గుమ్మం దగ్గర మళ్ళీ "వెళ్తాం సార్" అంది. సూపర్‌వైజర్ నీరసంగా, "మిగతావి కూడా వస్తాయిలేమ్మా" అన్నాడు.

అక్క ఆగి వెనక్కి తిరిగింది.

"వస్తాయి అన్నారు సార్. మాటలోనే ఉంటుంది ప్రాణం. చూసుకోండి."