అడగకుండా వచ్చిన టీసీ

మా పీడీ సార్ పోయారని ఆదోని బస్సు కండక్టరు చెప్పాడు. ఎమ్మిగనూరు బస్టాండులో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ కండక్టరూ ఒకప్పుడు సార్ దగ్గర వాలీబాల్ ఆడినవాడే. "పొద్దున నమాజుకు లేసినారంట. అట్లే కూలబడినారంట" అన్నాడు. అదే బస్సు ఎక్కాను.

ఆదోని కాలేజీలో ఆయన మాకు ఆటలు నేర్పిన మాస్టారు. ఆట మొదలుకాకముందే గ్రౌండంతా తిరిగి రాళ్లు ఏరేవారు. మ్యాచికి ముందు ఒక్కొక్కరి మోకాలూ బొటనవేలితో నొక్కి చూసేవారు. ఎవడైనా పళ్లు బిగబట్టి నొప్పి దాచితే ఆ రోజు వాడు బయటే. "కప్పు మళ్లీ వచ్చాది. కాలు రాదప్పా" అనేవారు.

నేను నేతపనివాళ్ల ఇంట్లో పుట్టాను. గుంత మగ్గం మీద కూర్చుంటే రెండు కాళ్లూ ఆడాలి. నేనాడే కబడ్డీలోనూ అంతే. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు కర్నూలు కాలేజీ ఒకటి నన్ను రమ్మంది. హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ వాళ్లవే. ఇక్కడ మ్యాచి రోజు మాకు దక్కేది అరటిపండు. టీసీకి దరఖాస్తు పెడితే ప్రిన్సిపాల్ ఇవ్వనన్నాడు. మేం తయారుచేసిన ఆటగాణ్ణి ఇంకొకరికి ఎందుకిస్తాం, నువ్వు ఈ కాలేజీ బిడ్డవి అంటూ భుజం తట్టాడు. తన జట్టే బలహీనపడుతుందని తెలిసీ సార్ నా తరఫున మళ్లీ మళ్లీ వెళ్లి అడిగారు. ఆయన మాటా సాగలేదు.

ఆ ఏడే కోడుమూరులో ఆడుతుంటే నలుగురు ఒక్కసారిగా నా మీద పడ్డారు. కుడి మోకాలు పక్కకు తిరిగిపోయింది. సార్ దారిన పోయే పత్తి లారీని ఆపి నన్ను కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చారు. నా మంచం పక్కన చాప వేసుకుని వారం పైగా ఉండిపోయారు. హైదరాబాదులో ఆపరేషన్ చేయిస్తే కాలు నిలబడుతుందని డాక్టర్లన్నారు. కాలేజీని సాయమడిగితే, ఆడమని ఎవరూ బలవంతం చేయలేదు కదా అని జవాబొచ్చింది.

తరవాతి వారం మా ఇంటికి పోస్టులో ఒక కవరొచ్చింది. అందులో నా టీసీ. అడిగినప్పుడు ఇవ్వనిది, అడగకుండానే పంపారు.

సార్ దాన్ని తీసుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లారు. నేను కర్ర మీద ఆనుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఆడినన్నాళ్లు మన బిడ్డ అంటిరి. పడినంక ఎవురి బిడ్డ సార్?" అని అడిగారు. గొంతు పెంచలేదు.

మీ పని మీరు చూసుకోండి అన్నాడు ప్రిన్సిపాల్, ఫైలు లోంచి తలెత్తకుండా.

ఇదే నా పని అని సార్ ఇంటికొచ్చి ఒక అర్జీ రాశారు. ఆటలో దెబ్బ తగిలితే వైద్యం కాలేజీదే. పోతానన్నవాడికి టీసీ ఆపకూడదు. ఆడే రోజుల్లో కడుపునిండా తిండి పెట్టాలి. అంతే అడిగారు. చుట్టుపక్కల కాలేజీల ఆటల మాస్టార్ల దగ్గరికి సైకిలు మీద తిరిగారు. అందరూ మంచి మాటే అన్నారు, సంతకం పెట్టింది ఇద్దరే. ఇది ఒప్పుకునేదాకా జట్టును ఎక్కడికీ పంపనని సార్ తేల్చి చెప్పారు. దాంతో ఆయన్ని గ్రౌండు నుంచి తీసేసి హాజరు రిజిస్టర్లు రాసే గదిలో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా ఆ గదే. అర్జీని ఎవరూ పట్టించుకోలేదు. నా ఆపరేషన్ జరగలేదు. మగ్గం గుంతలోకి నేను మళ్లీ దిగలేదు. చేనేత సొసైటీలో నూలు తూకం వేస్తూ బతుకుతున్నాను.

నావల్లే కదా సార్ మీకు ఈ గది అని ఒకసారి అన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

"నీవల్ల కాదు, వాళ్లవల్ల. కోపం యాడ పెట్టాల్నో ఆడ పెట్టు" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ తప్పలేదు నేను.

నేను ఆదోని చేరేసరికి జనాజా లేస్తోంది. పాత ఆటగాళ్లం నలుగురం పాడెకు భుజం పట్టాం. అప్పటి ప్రిన్సిపాల్ కూడా వచ్చాడు, బాగా ముసలివాడయ్యాడు. సార్ కాలేజీకి ఎంత సేవ చేశారో పక్కవాళ్లకు చెబుతున్నాడు. మలుపు దగ్గర నా పక్కకొచ్చి, తానూ కాస్త భుజం పడతానన్నట్టు చెయ్యి చాపాడు. నేను జరగలేదు. అతని వైపు చూడనూ లేదు. మోకాలు అడుగడుగునా మెలిపడుతోంది. ముందున్నవాళ్లు అది గమనించి నడక తగ్గించారు. ఎండలో, ఖబరస్తాన్ దాకా, జనాజా అంతా నా కుంటి అడుగుతోనే నడిచింది.