ధర్మవరం పడవకు నేను బిగించిన టేకు పట్టీలు

హిందూపురంలో ఎద్దుల బండ్లు చేసేవాణ్ణి. పందొమ్మిదివందల అరవైలలో ఒక రిటైరైన ఇంజనీరు మా కొట్టానికి వచ్చాడు. ధర్మవరం చెరువులో తనకొక పాత తెరచాప పడవ ఉందనీ, కూర్చునే బల్ల, చుక్కాని పిడి పుచ్చిపోయాయనీ, కొత్తవి చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అనీ అడిగాడు. పక్క కొట్టాలవాళ్లు తల అడ్డంగా ఊపారు. నేను కూడా అంతవరకు పడవను ముట్టుకున్నది లేదు. అయినా "బండి చేసే చేతికి పడవొక లెక్కనా సార్?" అన్నాను. పెనుకొండ మీదుగా ధర్మవరానికి నేను చేసిన ఈ ప్రయాణానికి కారణం అదే, పొగరు. నాకు రాత అంతంతమాత్రం. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

పొద్దున ఆరు గంటల రైలెక్కితే ఏడున్నరకు పెనుకొండ. టికెట్టు రూపాయి లోపే. స్టేషను నుంచి ఊళ్లోకి జట్కాకు పావలా. టేకు కొనాలంటే అక్కడ ఖాదర్ సాయిబు అంగడే. పచ్చి కట్టె అమ్మడని చుట్టుపక్కల అంతా పేరు, ఆయన బతుకంతా ఆ పేరు మీదే.

"ఏమప్పా, బండికి టేకెందుకు?" అన్నాడు.

"బండికి కాదు, పడవకు."

"నీళ్లలో ఉండేదానికా? అట్లయితే పట్టీకి పట్టీకి గోరంత సందు ఇడువు. ఎండిన టేకైనా నీళ్లు తాగితే ఉబ్బుతాది."

"కట్టె అమ్ముకునేటోడివి, నాకు పని నేర్పిస్తాండావా?"

ఆయన నవ్వాడు. "నేనేం నేర్పేది? నీళ్లే నేర్పిస్తాయిలే."

పదకొండు గంటల రైలుకు పట్టీలు ఎక్కించుకుని మధ్యాహ్నానికి ధర్మవరం చేరాను. స్టేషను ముందర హోటల్లో జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడితో అర్ధరూపాయికి కడుపు నిండింది. చెరువు కట్ట మీద మూడు రోజులు పని. మా బండి పనిలో అతుకులో వెంట్రుక దూరితే తలవంపు. అందుకని బల్ల చట్రంలో పట్టీలను పక్కపక్కన సుత్తితో కొట్టి కొట్టి బిగించాను. ఇంజనీరు చేత్తో నిమిరి "అద్దమే!" అన్నాడు. ఛాతీ ఉబ్బింది.

ఎండకు పలకలు ఎడమైన పడవను ముందు నీళ్లతో నింపి నానబెడతారట. నాకది తెలియదు. రెండు రోజులు నానింది. నీళ్లు తోడేసరికి నా పట్టీలు నడుమ గూనిలా పైకి లేచాయి, ఒకటి నిలువునా పగిలింది.

"ఇదేమయ్యా?" అన్నాడు ఇంజనీరు.

సాయిబు మాట చెవిలో మోగింది. తప్పు ఎక్కడుందో ఆ క్షణమే తెలిసింది. అయినా నోరు ఇంకోటి చెప్పింది. "కట్టె పచ్చిది సార్. పెనుకొండలో మోసం చేసినారు."

"అట్లనా! నా కొత్తింటి వాకిళ్లకంతా ఆ సాయిబు దగ్గరే కట్టె చెప్పినా. ఇంక వద్దులే."

పట్టీలు ఊడదీసి, పగిలినదాని చోట మిగులు కట్టెతో వేరేది చేసి, అంచులు చిత్రిక పట్టి, గోరంత సందు వదిలి మళ్లీ బిగించాను. సాయిబు చెప్పినట్టే. ఈసారి లేవలేదు. తిరుగు రైలు పెనుకొండలో పది నిమిషాలు ఆగింది. కిటికీ తలుపు దించుకుని కూర్చున్నాను.

నాలుగు నెలలకు కట్టె అవసరమై పోక తప్పలేదు. సాయిబు లోపలి నుంచి ఆ పగిలిన పట్టీని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇంజనీరు పంపినాడు, పచ్చిదని. ఇన్నాళ్లు ఎండలో పెట్టినానప్పా. పచ్చిదైతే నువ్వు కోసిన కొలతకంటే సన్నబడాల. కొలుచు."

కొలిచాను. నేను కోసిన కొలతే. వెంట్రుకవాసి తేడా లేదు.

"తెలిసి అంటివా, తెలీక అంటివా? అదొక్కటి చెప్పు, చాలు."

"తెలీక, సాయిబూ."

"తెలీకుంటే తప్పేముండాదిలే" అని టీ తెప్పించాడు. తాగేసి, ఆ పట్టీ పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇప్పుడాయన లేడు, అంగడీ లేదు. నేను చేసిన బండ్లు ఎన్నో నా కళ్ల ముందే వంటచెరుకయ్యాయి, ఒక్కదానికీ బాధపడలేదు. ఆ పట్టీ మాత్రం మా ఇంటి దూలం మీద ఉంది, దించి చూసే ధైర్యం లేదు. మొదటి అబద్ధం భయంతో అన్నానని సర్దిచెప్పుకోవచ్చు. రెండోది మాత్రం, నిజం చెప్పడానికి ఆయనే దారి చూపించి నిలబడినా చెప్పాను. ఈ దారిన పోయేవాళ్లకు నా మాట ఒకటే: పోయేటప్పుడు పెనుకొండలో ఎవరి దగ్గర కట్టె కొన్నా, వచ్చేటప్పుడు కూడా అక్కడ దిగి ఉన్నమాట చెప్పండి.